మౌలాలి దారిలో ఉత్తరం రాసుకోబోయిన ఆదివారం

అరవైల చివర, ఆ రోజుల్లో, హైదరాబాదులో ఖాళీ జాగాకు కరువు లేదు గానీ, ఆడపిల్ల ఒక్కతే ఊరికే కూర్చోవడానికి మాత్రం జానెడు చోటు దొరికేది కాదు. తార్నాకలో మా మామ ఇంట్లో ఉండి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ పూర్తి చేశాను. రెండు గదుల్లో ఎనిమిదిమందిమి. రిసెర్చిలో చేరమని మా ప్రొఫెసరు అన్నారు. చదివింది చాలు, అనంతపురం వచ్చి ఆడపిల్లల హైస్కూల్లో పంతులమ్మగా చేరమని మా నాయన ఉత్తరం రాశాడు. కుదరదని జవాబు రాయాలి. (నాయనతో కుదరదనడం మా ఇంట్లో అంతవరకూ ఎవరూ చెయ్యని పని.) ఇంట్లో కాగితం తీస్తే చాలు, అత్త భుజం మీదుగా, పిల్లలు మోచేతి కిందుగా చదివేసేవారు.

అందుకని ఒక ఆదివారం పొద్దున్నే క్యాంపస్ దాటి మౌలాలి వైపు బండల్లోకి నడిచాను. మనిషి అలికిడి లేదు. నున్నటి బండ చూసుకుని కూర్చుని రెండు వాక్యాలు రాశానో లేదో, కింద సైకిలు గంట మోగింది. మా డిపార్టుమెంటు అటెండరు!

"ఏందమ్మా, ఫేలైనవా?"

"లేదు, ఫస్టు క్లాసు."

"మరి గీడ ఎందుకు కూసున్నవ్?"

"ఊరికే."

ఆయన నన్నూ, నా వెనక రాళ్లు కొట్టి వదిలేసిన లోతైన నీళ్ల గుంటనూ మార్చి మార్చి చూశాడు. (ఆ గుంటను నేను చూడటమూ అప్పుడే.) అక్కడ మేకలు కాస్తున్న ముసలామె చెవిలో ఏదో ఊది, సైకిలు తిప్పుకుని తార్నాక వైపు తొక్కాడు. ఆమె వచ్చి నాకూ గుంటకూ మధ్య చతికిలబడింది. నేను విసుక్కుని ఇంకో బండ మీదికి పోతే ఆమె కూడా వచ్చింది, ఆమె వెనక మేకలూ వచ్చాయి.

"పానం మీదికి తెచ్చుకోకు బిడ్డా. ఎవడు వాడు?"

"ఎవడూ లేడమ్మా! మా నాయనకు ఉత్తరం రాసుకుంటున్నా!" అని అరిచాను.

"ఉత్తరమా!" ఆమె గుండె పట్టుకుంది. "ఏం రాసినవో సదువు."

పీడ వదులుతుందని చదివాను. "నాయనా, నన్ను క్షమించు. నేనిక ఇంటికి రాను..." అంతే, ఆమె నా జడ గట్టిగా పట్టుకుని శోకాలు మొదలుపెట్టింది. ఇంకా చదువుకుంటానని రాయబోతున్నానని నచ్చజెప్పేసరికి నా గొంతు పోయింది. అప్పుడామెకు కోపం వచ్చింది. "సదువుకుంటనంటే మాఫీ ఎందుకు అడుగుతున్నవ్? ఏం తప్పు చేసినవ్? సీదా రాయ్!"

ఆ కాగితం చించి, సీదాగా నాలుగు వరుసలు రాశాను. సంతకం పెడుతుండగా అటెండరు సైకిలు వెనక నుంచి మామ దిగాడు, లుంగీ మీదే. "ఏం పాపా, రాసుకునేదానికి ఇంట్లో తావే లేదా?" అంటూ ఉత్తరం లాక్కుని, రొప్పుతూ, పైకే చదివాడు. అటెండరు విన్నాడు. మేకలు విన్నాయి. ఎవరూ చదవకూడదనే కదా నేను అంత దూరం నడిచింది!

మామ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. చివర "పిల్ల చెప్పేది న్యాయమే బావా" అని ఒక ముక్క చేర్చి తనే పోస్టు చేశాడట. పదిరోజులకు నాయన జవాబు వచ్చింది, ఒక్క ఏడాదికి సరేనంటూ. అది నాలుగేళ్లయింది.

ఆ రోజు మూతి ముడుచుకుని మామ ముందు చరచరా నడిచిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ జాలీ కలిసి వస్తాయి. అక్షరం రాని పెద్దావిడ చేత ఉత్తరం దిద్దించుకుని, ఆమె పేరైనా అడగకుండా వచ్చేసింది.