గింజలు తీసేవాడి ఈల

పెట్రొనెల్ యుద్ధనౌకను ముక్కలు చేసే పని మా ముఠాకే పడింది. ప్లిమత్ ఒడ్డున ఓడలు విప్పీ విప్పీ నా నడుం పడిపోయింది గానీ, వంటగదిలో మనిషితో సహా చేతికొచ్చిన ఓడ అదొక్కటే. ఆ మనిషి జేబెజ్ టాలక్. ఓడ తెరచాపలెత్తి తిరిగిన రోజుల్లో వంటవాడి చేతికింద ఉండేవాడు. అది ముసలిదై, బొగ్గు నిల్వ చేసేందుకు రేవులో కట్టేశాక దానికే కాపలాదారు.

"దిగు తాతా, పలకలు ఊడదియ్యాలి" అన్నాను.

"నన్ను దించాలని ఓ సరంగు తెగ చూశాడ్రా. కూర్చో, చెబుతా."

ఓడ మీద ఈల వేస్తే పెనుగాలి లేస్తుందని నావికుల భయం. ఎవడూ వేయడు. ఒక్క జేబెజ్‌కే మినహాయింపు. ఆదివారం పుడింగుకు ఎండుద్రాక్షలో గింజలు తీసేవాడు ఆపకుండా ఈల వేయాల్సిందే. నోట్లో ఈల ఉంటే ద్రాక్ష ఉండదు కదా! ఒకసారి అలా వేస్తుండగానే ఈదురుగాలి లేచి పై తెరచాప చిరిగింది. గారిక్ అనే ఆ సరంగు వంటగదిలోకి ఊడిపడ్డాడు.

"నీ ఈల తగలెయ్య! ఇంకోసారి వినబడిందో, వచ్చే రేవులో నిన్ను దించేయిస్తా."

"వెయ్యకపోతే తినేస్తున్నానంటారు గదయ్యా."

"అయితే ద్రాక్షే వద్దు!"

జేబెజ్‌కు ఒడ్డున నా అన్నవాళ్ళు లేరు. దిగితే ఎక్కడికి పోతాడు? నోరు మూసుకున్నాడు. పుడింగు ఉత్త పిండిముద్దయింది. దాన్ని నములుతూ నావికులు సరంగును తిట్టుకున్నారు.

తర్వాత, బానిసల వ్యాపారాన్ని అడ్డుకునే కాపలా మీద ఆఫ్రికా తీరంలో తిరుగుతుండగా, బానిసలను మోసుకెళ్ళే ఓడ కంటపడింది. తరుముతుండగా గాలి చచ్చిపోయింది. అవతలివాళ్ళు తెడ్లు వేసుకుంటూ జారుకుంటున్నారు. పెట్రొనెల్ తెరచాపలు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. సరంగు ద్రాక్ష బుట్ట మోసుకుంటూ వచ్చాడు.

"ఒరేయ్ జేబెజ్... గింజలు తియ్యరా."

"దించేస్తానన్నారుగా?"

"బాబ్బాబు, ఈల వెయ్యి! గాలొచ్చిందా, ఈ ఓడ ఉన్నంతకాలం నిన్నెవడూ దించడు. అందరి ముందూ చెబుతున్నా."

పెదాలు ఎండిపోయేదాకా వేశాడు. ఆకు కదిలేంత గాలి కూడా లేదు. ప్రాణం విసిగి, గుప్పెడు ద్రాక్ష నోట్లో పోసుకున్నాడు. ఈల ఆగింది. పైన తెరచాప టపటపా కొట్టుకుంది!

సాయంత్రానికి ఆ ఓడను పట్టేశారు. సంకెళ్ళు విప్పించుకుని వచ్చినవాళ్ళకు వంటగదిలో ఉన్నదంతా వండి పెట్టారు.

"అయితే నీ ఈల పని చెయ్యలేదుగా తాతా?"

"సరంగుకెందుకా సంగతి? నా బుగ్గలుబ్బి ఉంటే, ఇంకా ఊదుతున్నాననుకున్నాడు!"

సరంగు ఇచ్చిన మాట సంగతి విన్నాక వంటగదిని చివరికి అట్టేపెట్టాం. చుట్టూ ఓడ తరిగిపోతుంటే అతని పొయ్యి మీదే టీ కాచుకున్నాం. ఆఖరికి పొయ్యి కింద పలకలు తప్ప ఏమీ మిగల్లేదు. జేబెజ్ తనంతట తానే లేచి బురదలో కాలుపెట్టాడు.

"చూశావా, ఎవడూ దించలేదు" అన్నాడు. ఆ తర్వాత ఏ దిక్కుకు తిరగాలో తెలియక నిలబడిపోయాడు.

"మా ఇంటికి పద. రేపు ఆదివారం, మా ఆవిడ పుడింగు చేస్తుంది. గింజలు నువ్వే తియ్యాలి" అన్నాను. "ఈల మాత్రం ఆపకూడదు."