పెద్దమ్మ రిపోర్టును నేను చదివిన విధం

ఆ రోజుల్లో డిగ్రీ చదివిన ఆడపిల్లకు తెలియనిది ఏదైనా ఉంటుందని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అందరికంటే గట్టిగా నేను అనుకోలేదు. మా రాయచూరు పక్కన కరెంటు ప్లాంటు నడవడం మొదలై కొన్నేళ్లయింది. అక్కడ పుట్టిన కరెంటు ఎక్కడెక్కడికో వెళ్లేది గానీ మా వీధికి తీరిక దొరికినప్పుడే వచ్చేది. (ఎండాకాలంలో దానికి తీరిక ఉండేది కాదు.) నేను జువాలజీతో బీఎస్సీ పాసై, పై చదువో పెళ్లో తేలక, పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. పెద్దనాయనకు బజారులో స్టీలు సామాన్ల దుకాణం. మందు సీసా మీది అక్షరాలు మొదలుకొని మబ్బు పట్టడం దాకా దేనికైనా "మా సైన్సు పిల్లను అడుగుండ్రి" అనేవాడు. ఎవరూ అడక్కముందే నేను చెప్పేదాన్ని.

పెద్దమ్మకు అప్పుడు నలభై నాలుగేళ్లు. నెలసరి గాడి తప్పింది. రెండు నెలలు రాకపోవడం, వస్తే పదిహేను రోజులు ఆగకపోవడం. మనిషి పాలిపోయినా ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడితే నేనే పట్టుబట్టి లేడీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. ఆవిడ గర్భసంచి లోపలి పొరను కొద్దిగా గీకి తీసి పరీక్షకు హైదరాబాదు పంపింది. రిపోర్టు వచ్చిందని తెలిసి వెళ్లేసరికి డాక్టరు కాన్పు గదిలో ఉంది. కవరు నా చేతికిచ్చి, సాయంత్రం పేషెంటును తీసుకుని రమ్మన్నారు. సాయంత్రం దాకా బీఎస్సీ ఆగుతుందా? ఆసుపత్రి వరండాలోనే విప్పాను. రెండు మాటలు కంటబడ్డాయి. ఒకటి ప్రొలిఫరేషన్, అంటే కణాలు పెరిగి పెరిగి ఎక్కువ కావడం. రెండోది మైటోసిస్, అంటే ఒక కణం రెండుగా చీలడం. మా కాలేజీ నోట్సులో ఆ రెండూ కలిసి ఉన్నట్టు నాకు గుర్తున్న పాఠం ఒక్కటే: క్యాన్సర్. (అది పరీక్షలో రాదని ఎవరో చెబితే సగమే చదివాను.)

ఇంటికొచ్చి ఏడుస్తూ చెప్పాను. పెద్దనాయన మిట్టమధ్యాహ్నం దుకాణం మూసి వచ్చాడు. ఆయన అక్క కూడా ఓదార్చడానికి వచ్చి మంచం మీద కూర్చుంది. పెద్దమ్మ మాత్రం కంటతడి పెట్టలేదు. బీరువా తీసి, పట్టుచీరలు ఒక్కొక్కటే నా ఒళ్లో పెట్టి, భర్త వైపు తిరిగింది.

"ఇగ నాకేం భయం? చెప్తున్న, ఇను. ఇరవై ఐదేండ్ల సంది నడుము నొస్తుందంటె 'ఆడోళ్లకు గిట్లనే ఉంటదిలే' అన్నవు. మీ అక్కకు దగ్గొస్తె మాత్రం దుకాణం మూసి ఉరుకుతవు. ఆమె వచ్చి నా వంటకు పేర్లు పెడ్తె నవ్వుకుంట కూసుంటవు. మీ అక్కంటె నాకు అస్సలు పడదు."

మంచం మీది అక్క నోరు తెరిచింది, మూసింది, చెప్పులు వేసుకుంది. పెద్దనాయన జీవితంలో మొదటిసారి వంటింట్లోకి వెళ్లి ఉప్మా చేసి తెచ్చి, ఆమె తినేదాకా పక్కనే కూర్చున్నాడు. అందులో ఉప్పు రెండుసార్లు పడింది. పెద్దమ్మ వద్దనకుండా తిన్నది.

సాయంత్రం డాక్టరు గది బయటే ఆయన ఆగిపోయాడు. లోపలికి మగవాళ్లు వెళ్లే ఆనవాయితీ లేదు. డాక్టరే పిలిచి కూర్చోబెట్టింది. నన్ను చూసి, "యాక అళాకత్తీ?" అని కన్నడంలో అడిగింది. ఎందుకేడుస్తున్నానో చెప్పాను. రిపోర్టు చదివి కళ్లజోడు తీసింది.

"క్యాన్సరని ఎవరు చెప్పిండ్రు?"

ఇద్దరూ నా వైపు చూశారు.

"ఇది ప్రతి ఆడమనిషికి నెలనెలా అయ్యేదే," అంది డాక్టరు. "అండాశయంల ఈస్ట్రోజెన్ అనే హార్మోను తయారైతది. అది గర్భసంచి పొరను పెరగమంటది. తానే పోయి పెంచదు. అడుగున ఉన్న కణాలకు చెప్తది. అవి గ్రోత్ ఫ్యాక్టర్లని కొన్ని పదార్థాలు వదుల్తయి. వాటితోని పైకణాలు ఒకటి రెండైతయి."

"మరి ఆపేటోడు ఎవడమ్మా?" పెద్దమ్మ అడిగింది.

"ప్రొజెస్టిరాన్. అండం విడుదలైనంకనే వస్తడు. మీ వయసుల కొన్ని నెలలు అండం విడుదల కాదు. ఆయన రాడు. పొర పెరుగుతనే ఉంటది, ఎప్పుడు పడితే అప్పుడు రాలి రక్తం పోతది."

పెద్దనాయన గొంతు సవరించుకున్నాడు. "అయితే ఆయనను గోలీలల్ల పెట్టి ఇస్తరా, డాక్టరమ్మా?"

"బీఎస్సీ మీరు చదవాల్సింది," అంది డాక్టరు.

మాత్రలు, రక్తం పట్టడానికి టానిక్కు వాడితే నాలుగు నెలల్లో పెద్దమ్మ కోలుకుంది. చీరలు బీరువాలోకి వెళ్లాయి గానీ అన్న మాటలు వెనక్కి వెళ్లలేదు. ఆడబిడ్డ ఏడాదిపాటు గడప తొక్కలేదు. "నీ తప్పుడు సదువు నాకు మస్తు పనికొచ్చిందే," అని పెద్దమ్మ చాటుగా అనేది. పెద్దనాయన మాత్రల రోజులు తానే గుర్తు పెట్టుకుని, నీళ్ల గ్లాసుతో నిలబడి, "నడుము గిట్ల నొస్తుందా?" అని అడిగేవాడు. మొదట్లో ఆమె సిగ్గుపడేది. తర్వాత నొప్పి లేకపోయినా ఉందనేది.

రిపోర్టు తప్పుగా చదివిన సిగ్గుతోనే నేను ఎమ్మెస్సీలో చేరి, తర్వాత కాలేజీలో డాక్టరు చెప్పిన ఆ పాఠమే చెబుతూ వచ్చాను. ఇప్పుడు నా ఒంట్లోనూ ఈస్ట్రోజెన్ సెలవు తీసుకుంటోంది. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు. ఏమైందని మా ఆయన అడిగితే అండాశయం దగ్గర మొదలుపెట్టి వివరంగా చెబుతాను. గ్రోత్ ఫ్యాక్టర్లకు చేరేలోగా ఆయన గురక పెడతాడు. ఇరవై ఏళ్లప్పుడు ఏమీ తెలియకుండా చెబితే దుకాణం మూసి మరీ విన్నారు. అంత శ్రద్ధగా విన్నవాళ్లు నాకు మళ్లీ దొరకలేదు.