చెవి విరిగిన నంది

మొన్న ఆదివారం నంద్యాల పోయొచ్చిన చెప్పులు ఇంకా మా గేటు బయటే పడి ఉన్నాయి. సబ్బునీళ్లతో కడిగాను, ఎండలో పెట్టాను, అయినా మా ఆవిడ వాటిని వాకిట్లోకి రానివ్వడం లేదు. ఆమెనని లాభం లేదు, ఆ కంపు నా ముక్కును కూడా ఇంకా వదల్లేదు. ఈ పొద్దున పాలకోసం గేటు తీయగానే మళ్లీ అదే కంపు కొట్టింది, ఆ వెంటే అది అంటిన చోటు ఒకప్పుడు ఎలా ఉండేదో కూడా గుర్తొచ్చింది.

ఆళ్లగడ్డ పిల్లలకు ఆ రోజుల్లో పట్నమంటే నంద్యాలే అని నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. తోటివాళ్లంతా బస్సు దిగి సినిమాహాళ్ల వైపు పరుగెత్తుతుంటే, నేనూ, తర్వాత నాకు బావమరిది అయిన స్నేహితుడూ, రాతి విగ్రహాలు చెక్కే ఇంట్లో పుట్టిన ఇంకో స్నేహితుడూ, ముగ్గురం ఉగ్గాని బజ్జీ తిని, జనం లేని మూలలు వెతుక్కుంటూ తిరిగేవాళ్లం. రైలు స్టేషన్ వెనక జామచెట్ల సందు, మధ్యాహ్నం పూట చల్లగా ఉండే చర్చి మెట్లు, అన్నిటికన్నా చివర, ఊరు దాటాక కుందూ నది మలుపు. అక్కడ మోకాటిలోతు నీళ్లలో నిలబడితే కాలివేళ్ల చుట్టూ గులకరాళ్లు కనపడేవి.

మా శిల్పి స్నేహితుడు మొదటిసారి సొంతంగా చెక్కిన నందిని కూడా అక్కడికే తీసుకుపోయాం. గుమ్మడికాయంత నంది, ముఖం ఎంత శాంతంగా కుదిరిందో చెప్పలేను. తీరా చివర చెవి దగ్గర ఉలి జారి, కొస విరిగింది. వాళ్ల నాయన తిట్టలేదు, కొట్టలేదు. అవయవం పోయిన విగ్రహాన్ని పూజకివ్వకూడదు, అమ్మకూడదు, బయట పారెయ్యకూడదు, పారే నీళ్లలో వదలాలని మాత్రం చెప్పాడు. మన ఊరి వంకలో వేస్తే బట్టలుతికేవాళ్లు చూసి నవ్వుతారని వీడికి సిగ్గు. గోనెసంచిలో కట్టి బస్సెక్కించాం. ఏముందని కండక్టరు అడిగితే మా బావమరిది గుమ్మడికాయ అన్నాడు, ఆయన కాలితో జరపబోయి వేలు పట్టుకుని కూలబడ్డాడు. మలుపు దగ్గర రెండు బండల సందున, వరదకు కొట్టుకుపోకుండా దాన్ని నిలిపి వచ్చాం. ఆ తర్వాత ఎప్పుడు నంద్యాల వెళ్లినా మా శిల్పి కాసేపు ఆ ఒడ్డున కూర్చునేవాడు, పక్కన నేనూ.

చానా ఏళ్లకు మొన్న మళ్లీ ముగ్గురం బయల్దేరాం. మా శిల్పికి చూపు మందగిస్తోంది, ఉన్న కాస్త చూపూ పోయేలోగా ఆ నందిని ఒకసారి చూడాలన్నాడు, అంతే వాడి కోరిక. జామచెట్ల సందులో ఇప్పుడు గోడ పొడుగునా ఉచ్చకంపు. సరేలెమ్మని ముక్కు మూసుకుని నదికి నడిచాం. అక్కడ నది లేదు. నల్లటి మడుగు, దాని మీద కోళ్ల ఈకలు, పిల్లలకు కట్టి విప్పిన డైపర్లు, టీ కప్పులు, మధ్యలో పొర్లుతున్న పందులు. ఆ బురదలోంచి చెవి విరిగిన తల ఒకటి పైకి చూస్తోంది.

నేను ఒడ్డు బురదలోనే ఆగిపోయాను. మా శిల్పి మాత్రం పంచె ఎగ్గట్టి దిగిపోయాడు. ఇంతలో వంతెన మీద స్కూటరాపి ఒకడు సంచి విసిరాడు, అది మా శిల్పి పక్కనే పడి పగిలింది.

"ఏందప్పా, మనుషులుండారు ఈడ, కనపళ్లేదా?" అని అరిచాడు మా బావమరిది.

"చెత్త యేసే తావులో మీకేం పనప్పా?" అనేసి స్కూటరువాడు వెళ్లిపోయాడు. తిట్టినట్టు కూడా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. నాకు బురద కన్నా ఆ మాటే ఎక్కువ రోత పుట్టించింది.

నందిని పైకి లాగి, కొన్న నీళ్లతో కడిగాం. మళ్లీ ఎక్కడైనా మంచి నీళ్లలో వదలాలి కదా. ఆటో మాట్లాడుకుని పొద్దుగూకేదాకా తిరిగాం. కాలువకు వెళ్తే పాకుడూ నురగా, పక్క వాగుకు వెళ్తే కాలిన ప్లాస్టిక్. ఆటోలో నందిని ఒళ్లో పెట్టుకుని వాడొక్క మాటే అన్నాడు. "నాయన పారే నీళ్లల్లో యెయ్యమన్యాడప్పా. యాడుండాయి?"

మేమిద్దరం ఆటోను బస్టాండుకు తిప్పమన్నాం.

ఇప్పుడది ఆళ్లగడ్డలో వాడి పెరట్లో, నీలం ప్లాస్టిక్ తొట్టిలో ఉంది. నిన్న చూడబోతే కొళాయి సన్నగా వదిలిపెట్టి ఉంది, నీళ్లు తొట్టి అంచు మీంచి జామమొక్క పాదులోకి కారుతున్నాయి. ట్యాంకు ఖాళీ అవుతోందని కోడలు లోపల్నుంచి గొణుగుతోంది. కట్టేద్దామని నేను చెయ్యి చాపితే వాడు పట్టుకుని ఆపాడు, పారనీలే అన్నాడు. ఒకప్పుడు ఇద్దరం కుందూ ఒడ్డున కూర్చున్నట్టే ఆ తొట్టి పక్కన చాలాసేపు కూర్చున్నాం.