నేను నీళ్లలో వేయని జిగ్గులు

2023 ఎండాకాలం. మిర్యాలగూడలో మాది హార్డ్‌వేర్ షాపు. మేకులు, తాళాలు, పైపులు అమ్మే కౌంటరుకు ఒక మూల చేపలు పట్టే సామాను కూడా పెట్టాను. లాక్‌డౌన్ తర్వాత మా వైపు కుర్రాళ్లకు రాడ్డు, రీలు పట్టుకుని చెరువు గట్ల మీద నిలబడే పిచ్చి పట్టుకుంది. జనం అడిగింది అమ్మడం మా ఇంటి విద్య. అన్నయ్య రైసుమిల్లు చూసుకుంటాడు, నేను గాలాలు అమ్ముతాను.

ఒక్కటే చిక్కు. మా ఇళ్లలో కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. పుట్టి బుద్ధెరిగి నేను చేపను ముట్టుకున్నది లేదు. "గాలాలు అమ్మితే పాపం తాకదార?" అని అమ్మ అడిగితే, "మనం తింటలేం గదనే" అని తప్పించుకున్నాను. వ్యాపారానికి కావలసిన తెలివంతా ఫోన్‌లోంచి వచ్చింది. విదేశీ సరస్సుల్లో బాస్ అనే చేపను జిగ్గులతో పట్టే వీడియోలు అన్నం తింటూ కూడా చూసేవాణ్ణి.

జిగ్ అంటే తల దగ్గర సీసం పోతపోసిన గాలం. రబ్బరు పోగుల కుచ్చు ఒకటి ఉంటుంది. నీళ్లలో వేస్తే నిటారుగా అడుక్కి దిగుతుంది. రాడ్డు కొన లేపి వదిలితే అడుగున గెంతుతుంది, మళ్లీ కిందికి దిగేటప్పుడు చేప అందుకుంటుంది. ఇదంతా నేను కౌంటరు వెనక నిలబడి చేతులు ఊపుతూ చెబుతుంటే కోదాడ నుంచి వచ్చే కుర్రాళ్లు, "అబ్బ, ఎంత బాగా చెబుతారండీ!" అనేవాళ్లు. ఆ పొగడ్తకు నేను ఉబ్బిపోయేవాణ్ణి. "మీరెక్కడ పడతారు?" అని ఎవరైనా అడిగితే "సాగర్ దిక్కు" అని నోటికొచ్చింది చెప్పేవాణ్ణి.

సైదులు అప్పుడే వచ్చాడు. త్రిపురారం దగ్గర ఊరు, గొర్రెలు కాసే ఇల్లు. తను మాత్రం వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. తండ్రి లింగయ్యకు సూర్యాపేటలో కడుపు ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక ముసలాయన ముద్ద ముట్టడం లేదు. తినకపోతే పుండు మానదని డాక్టరు గట్టిగా చెప్పాడట.

"కొర్రమట్ట పులుసైతే తింటనంటుండు సేటూ. బజార్ల దెస్తే పెంపుడు చేప వాసనొస్తదని ఉమ్మేసిండు. మా చెర్వులదే గావాల్నట. చేపల సంఘపోళ్లను అడిగిన, గాలమేస్కో అన్నరు. నువ్వే జర మంచిది సూసియ్యి."

కొర్రమీనునే మా వైపు కొర్రమట్ట అంటారు. నేను గంభీరంగా ఒక జిగ్ తీసి, ఎలా ఆడించాలో చూపించి పంపాను.

కొన్నాళ్లకు వచ్చాడు. "ఏం తాకలే సేటూ."

"బరువు సరిపోతలేదు. ఎండకాలం చేప సల్లదనానికి అడుగుల ఉంటది. ఇది తీస్కపో" అని ఇంకా బరువైనది ఇచ్చాను. మళ్లీ ఉత్త చేతులతో వచ్చాడు. దానికంటే బరువైనది ఇచ్చాను. డ్యూటీ నుంచి తిన్నగా చెరువుకు పోతున్నాడని అతని నల్లబడ్డ ముఖమే చెబుతోంది. "నాయిన ఇంక సిక్కిండు" అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. రంగు మార్చి చూడమన్నాను. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు, అతను ఆ రంగు కూడా తీసుకుని వెళ్లాడు.

చివరికి లింగయ్యే షాపు ముందు ఆటో దిగాడు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. గడప దగ్గర కొడుకు భుజం పట్టుకుని నిలబడి, "సేటూ, నువ్వు మస్తు పడ్తవంట గద. ఒక్కపారి మా పోరనితోని రా. నేను కట్ట మీద కూసోని సూస్త" అన్నాడు. అలాంటి మనిషికి కుదరదని ఎలా చెప్పేది? వస్తానన్నాను.

మరునాడు పొద్దున చెరువు చూశాను. వీడియోల్లో ఆ లోతైన తేటనీళ్లెక్కడ, ఈ మోకాటిలోతు బురద, నాచు ఎక్కడ! సైదులు రాడ్డు నా చేతిలో పెట్టాడు. రీలు మీద వంకర కమ్మీ ఒకటి ఉంటుంది, బెయిల్ అంటారు. విసిరేముందు అది తెరవాలి, లేకపోతే దారం వదలదు. షాపులో ప్రతివాడికీ చెప్పే ఆ మాట నేనే మరిచాను. బలంకొద్దీ విసిరితే జిగ్ ముందుకు పోయినట్టే పోయి, వెనక్కి తిరిగొచ్చి, నా ప్యాంటు వెనక జేబులో దిగబడింది. దాన్ని పట్టుకోబోయి గిర్రున తిరిగాను. దారం కాళ్లకు చుట్టుకుంది. బురదలో కూలబడ్డాను.

కట్ట మీద లింగయ్య నోరు తెరిచి చూస్తున్నాడు. "అరే సేటూ, గంత బరువు గాలమేంది, కొర్రమట్ట పైకొచ్చి గాలి పీల్సుకుంటది గద! మావోనికి బురదల దేవులాడమని జెప్పినవా?" అని మొదలుపెట్టి నవ్వలేక, నవ్వాపుకోలేక, "కుట్లు తెగుతయిరా నాయనా" అంటూ కడుపు పట్టుకున్నాడు.

సైదులు నవ్వలేదు. నా దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"సేటూ, నువ్వెన్నడన్న చేప పట్టినవా?"

"లేదు."

"మరి సాగర్ దిక్కు?"

"పోలే."

"మరి గిన్నొద్దులు జెప్పిందంత?"

"ఫోన్ల సూసిన."

నా ఒంటికి గుచ్చుకోకుండా చేయి అడ్డం పెట్టి, జేబులోంచి గాలం మెల్లగా తీశాడు. వంగినప్పుడు ఎండకు కమిలి పొరలు లేచిన అతని మెడ నా కళ్లముందే ఉంది. తలకొట్టేసినట్టయింది.

ఆ తర్వాత చాలా రోజులు షాపులో ఎవరైనా జిగ్ చూపించమంటే చేయి దానిమీదికి పోయేది కాదు. సైదులు ఇక రాడనుకున్నాను. వచ్చాడు. "ఆ దినం ఇంటికి వొయి పచ్చిపులుసుతోని అన్నం తిన్నడు నాయిన. నువ్వు పడ్డది తలుసుకోని తలుసుకోని నవ్వుడు, ఒక ముద్ద పెట్టుకునుడు. ఇప్పుడు దినాం తింటుండు. నిన్ను మళ్లొకపారి తీస్కరమ్మంటుండు."

నా ముఖం వెలిగినట్టుంది. అతను వెంటనే అన్నాడు: "నాయినకు నవ్వొచ్చింది గని, నాకు రాలే సేటూ. ఆయన తింటలేడని దినదినం సస్తుంటి నేను. తెల్వదంటే నీకేం పోతుండె?"

ఏం పోయేది? కోదాడ కుర్రాళ్ల పొగడ్త పోయేది. అంతకంటే పోయేదేమీ లేదు. ముసలాయన బతుకు ఒకవైపు, నా గొప్ప ఒకవైపు ఉంటే నేను గొప్పనే పట్టుకున్నాను. తెలియదని ఒప్పుకోని మనిషి ఇచ్చే సలహా ఎంత చేటో ఆ ఎండాకాలం నాకు నేర్పింది. ఇప్పుడు ఎవరడిగినా, "నేను చేపలు పట్టను, మీ ఊరి చెరువు తెలిసినవాళ్లను అడగండి" అనే చెబుతాను.

ఆ ఆదివారం మళ్లీ వెళ్లాను. లింగయ్య అప్పటికే కట్ట మీద సర్దుకుని కూర్చున్నాడు. "సేటూ, ఇసురు!" అని కేకేశాడు. ఈసారి కావాలనే బెయిల్ తెరవకుండా విసిరాను. ముసలాయన విరగబడి నవ్వాడు. సైదులు నావైపు తిరగలేదు, నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాడు.