పానా పోయిన పూట

బుక్కరాయసముద్రంలో ఇంటి దగ్గరే డీజిల్ బండ్లు బాగుచేసే షఫీవుల్లాకు ఒకే ఒక్క జబ్బు. పని మొదలుపెట్టగానే పానా పారేసుకుంటాడు. లారీ వాకిట్లో ఆగేదాకా చేతిలోనే ఉంటుంది, బానెట్ ఎత్తేసరికి మాయమైపోతుంది. పది నిమిషాల పని పొద్దు గూకేదాకా సాగుతుంది.

"ఇంకో పానా కొనరాదా భాయ్?" అంటే, "కొన్నా. అదీ పోయింది" అంటాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా. ఒకసారి దానికోసం ఇంట్లో బియ్యం డబ్బా గుమ్మరించాడు. ఇంకోసారి పక్కింటి కోళ్లగూట్లో తలపెట్టి పుంజు చేత పొడిపించుకున్నాడు. అయినా డ్రైవర్లు తిట్టుకుంటూ ఆయన దగ్గరికే పోతారు. ఆయన చెయ్యి పడితే ఎంత మొండి ఇంజనైనా మాట వింటుంది మరి.

ఆ మధ్యాహ్నం నీళ్ల ట్యాంకరు తోలే రంగన్న వచ్చాడు. వానలు మొహం చాటేసి మూడో ఏడు. బోర్లు ఎండిపోయి, చీనీతోటలను, అంటే బత్తాయి తోటలను, ట్యాంకర్లతో బతికించుకుంటున్నారు జనం. మూడు రోజులుగా రంగన్న కంటికి కునుకు లేదు. గార్లదిన్నె దగ్గర ఆంజినమ్మ తోటకు నీళ్లు నింపుకొని పోతుంటే, బండి మిట్ట ఎక్కేచోట లాగకుండా మొరాయించింది. ఆ పూట తడి అందకపోతే చెట్లు దక్కవు. మొగుడు పోయిన ఆంజినమ్మకు మిగిలింది ఆ తోటే.

షఫీవుల్లా ఇంజను చప్పుడు విన్నాడు. "డీజిల్ ప్రెషర్ పడిపోయింది. గేజి పెట్టి, పంపు మీద స్క్రూ రవ్వంత తిప్పితే సరిపోతాది" అన్నాడు. తర్వాత రంగన్న మొహం చూశాడు. చూసి జేబులు తడుముకున్నాడు. "పానా యాడ పెట్టినానో ఏమో!"

"నీకు దండం పెడతా భాయ్! ఆడ ఆంజినమ్మ తోటలో చెట్లు సస్తాండాయి!"

"ఎతుకుతాండా గదప్పా. నువ్వా మంచం మీద కూచో."

"కూచునే టైం యాడుండాది నాకు?"

"నిలబడితే దొరుకుతాదా ఏమి?"

కూర్చునే తిడదామని రంగన్న మంచమెక్కాడు. ఆ ఎండాకాలంలోనే ఇద్దరు ట్యాంకరు డ్రైవర్లు స్టీరింగు మీద కునికి, కల్వర్టులో పడి చనిపోయారు. ఒకరి పాడె రంగన్న కూడా మోశాడు. ఆ బరువు గుర్తొస్తుండగానే కళ్లు మూతపడ్డాయి.

లేచేసరికి పొద్దు వాలింది. వాకిట్లో బండి లేదు, షఫీవుల్లా లేడు. రంగన్న ఇంటి గుమ్మం దగ్గరికి ఉరికాడు.

"అక్కా! నా బండేదక్కా?"

షఫీవుల్లా భార్య గౌస్‌బీ టీ గ్లాసు చేతికిచ్చింది. "నువ్వు గురక పెట్టినాక పది నిమిషాల్లో సరిజేసినాడు. ట్రయల్ చూసొస్తానని తోలుకొని పోయినాడు."

"అయితే పానా దొరికిందా?"

"అది పోతే గదా దొరికేకి! లుంగీ మడతలోనే ఉంటాది. నిద్ర లేక కండ్లెర్రగా వచ్చినోళ్లకే కనపడదు."

రంగన్న టీ గ్లాసు కింద పెట్టాడు. ఇన్నేళ్లూ ఈ మనిషినా నోటికొచ్చినట్టు తిట్టింది అని తలదించుకున్నాడు. అంతలో ఫోను మోగింది. ఆంజినమ్మ.

"రంగన్నా, నీళ్లొచ్చినాయప్పా. తోటంతా తడిసింది. ఆ భాయ్ సల్లగుండల్ల."

"నిజమేనా అక్కా?"

"నిజమే గానీ, ఆ పెద్దమనిషికి బండి బాగుచేసేది తప్ప తోలేది రాదు. ఎనక్కి తీస్తా గేటు ఇరగ్గొట్టినాడు, రెండు చెట్లు పడగొట్టినాడు. రేపు నువ్వే రా నాయనా. మిగిలిన చెట్లన్నా ఉండనీ."