ఈతకొలను టేబుల్‌లో ఎక్కువైన గడి

ఆ పేటలో నడివయసు మగవాళ్ళందరికీ ఈత నేర్పిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. ఆయన మాత్రం ఎన్నడూ చీలమండ దాటి నీళ్ళలో దిగి ఎరగడు. నమ్మకపోతే ఆ మగవాళ్ళ తడి తువ్వాళ్ళనే అడగండి.

ఈతకొలను ఆఫీసులో వెబ్ పేజీలు చూసే ఆయన్ని అందరూ గళ్ళాయన అంటారు. హెచ్‌టీఎంఎల్‌లో టేబుల్ కట్టడం తప్ప ఆయనకు మరో విద్య రాదు. తలుపు మీది నోటీసు దగ్గర్నుంచి పెళ్ళాంతో పోట్లాట దాకా అన్నీ గళ్ళలోనే ఆలోచిస్తాడు. వాటికి రంగుల అంచులు పెట్టాడంటే, పేజీ తెరిచినవాడి కళ్ళు చెమర్చాల్సిందే. ఆనందంతో మాత్రం కాదు.

ఆయన భార్య అక్కడే ఈత కోచ్. ఈత రాని ఆడవాళ్ళకు పొద్దున్నే ఏడింటికి ఒక క్లాసు పెట్టాలని ఆమె ఎప్పటినుంచో మేనేజరు చుట్టూ తిరుగుతోంది. చివరికి మేనేజరు కాస్త మెత్తబడ్డాడు.

"సోమవారం కొలను నిండితే క్లాసు ఉంటుందమ్మా. లేదంటే ఆ గంట అద్దెకిచ్చేస్తా."

ఆ సంగతి పేజీలో పెట్టే భారం గళ్ళాయన మీద పడింది. టేబుల్‌లో పూట, సమయం, ఆడవాళ్ళు, మగవాళ్ళు అని నిలువు వరసలు. ప్రతి అడ్డవరసలోనూ 'ఉదయం' అని ఉండటం ఆయన కళాహృదయానికి గిట్టలేదు. ఆరింటి వరసలోని 'ఉదయం' గడిని ఏడింటి వరస మీదకు సాగదీశాడు. అలా సాగదీస్తే కిందనున్న పాత 'ఉదయం' గడిని తీసెయ్యాలి. తీయకపోతే, నిండిన బెంచీ మీద ఇంకొకడు ఇరుక్కున్నట్టు, ఆ వరసంతా తలా ఒక చోటు పక్కకు జరుగుతుంది.

"ఏవండీ, ఒకసారి ఫోన్లో తెరిచి చూసుకోండి" అంది భార్య.

"నా టేబుల్‌ని నేను చూసుకోవడమేంటే! అద్దంలో మొహం చూసి ఇది నాదేనా అని అడుగుతానా?" అంటూ అంచుకు ఊదారంగు వేయడంలో మునిగిపోయాడు.

సోమవారం ఆమె గట్టు మీద ఆశగా నిలబడింది. తలుపు తెరుచుకుంది. ముందు పొట్టలు వచ్చాయి, వెనక మందుల షాపాయన, దర్జీ, ఇంకా బోలెడుమంది మగవాళ్ళు. ఇన్నాళ్ళూ షవరు కింద జుట్టు తడుపుకుని, ఈత కొట్టి అలసిపోయినట్టు గట్టున కూర్చున్న ఘనులే అంతా.

"ఇది ఆడవాళ్ళ క్లాసండీ!"

"అదేంటమ్మా, 'ఈత రానివాళ్ళకు క్లాసు' అని మగవాళ్ళ కిందే ఉందిగా. ఆడవాళ్ళ కింద ఉత్త 'ఏడు' అనే ఉంది" అని దర్జీ ఫోను చూపించి, గొంతు తగ్గించాడు. "మా ఇంట్లో మాత్రం చెప్పకమ్మా. నాకు ఈత వచ్చనుకుంటోంది."

మెట్ల మీద మేనేజరు బూట్ల చప్పుడు. వీళ్ళను పంపేస్తే కొలను ఖాళీ, క్లాసూ ఖాళీ. ఆమె విజిల్ ఊదింది. "దిగండి!"

మేనేజరు వచ్చేసరికి నీళ్ళు గట్టు మీద పొర్లుతున్నాయి.

"నిండింది కదా సార్?"

"నిండటమా? పొంగుతోంది కదమ్మా!"

క్లాసు నిలబడింది. మర్నాటి నుంచి మగవాళ్ళను ఆరింటికి మార్చి, ఏడింటి గంట ఆడవాళ్ళకే ఉంచింది. మొగుళ్ళు పొద్దున్నే ఎక్కడికి మాయమవుతున్నారో కనిపెట్టడానికి భార్యలు వచ్చారు. వచ్చినవాళ్ళను వచ్చినట్టే నీళ్ళలోకి దింపింది.

ఇప్పటికీ దర్జీ ఆఫీసు కిటికీలోంచి "గురువుగారూ, మా అందరికీ ఈత నేర్పారు!" అని దణ్ణం పెడతాడు. గళ్ళాయన కంప్యూటరు మీంచి తలెత్తడు.

"నేనెవరికీ ఈత నేర్పలేదయ్యా. ఒక గడి తీసెయ్యడం మర్చిపోయాను."