నిమ్మకాయ పిండిన రోజు

ముక్కు పిన్నికి ఆ పేరు ముక్కు పెద్దదై రాలేదు. ముక్కు మామూలుదే, దాని పనితనమే మామూలుది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు పాలకేంద్రంలో క్యాన్లు వాసన చూసే ఉద్యోగం చేసింది. తెల్లవారకముందే క్యాన్లు వరసగా నిలబెడితే, ఒక్కో మూత ఎత్తి, వంగి, ఒక్కసారి పీల్చి, "లోపలికి" అనో "వెనక్కి" అనో చెప్పేది. అంతే. యంత్రం వచ్చాక కూడా యంత్రం ఒకటి చెప్పి పిన్ని ఇంకొకటి చెబితే, మేనేజరు యంత్రాన్నే రిపేరుకి పంపేవాడు.

రిటైరయ్యాక ఆ నాలుగంతస్తుల భవనానికి ఆవిడే ప్రయోగశాల. పాలు విరిగాయేమో, కూర పాడైందేమో అని అనుమానం వస్తే చాలు, గిన్నె పట్టుకుని మూడో అంతస్తు ఎక్కేవాళ్ళు. "పిన్నీ, ఒక్కసారి చూసిపెట్టవూ!" పిన్ని చూసేది. ఆవిడ బాగుందంటే బాగున్నట్టే. గడియారం, తేదీ, కళ్ళు, ఇవేవీ ఆ భవనంలో ఎవరికీ అక్కర్లేదు.

అలాంటి ముక్కు పోయింది. శీతాకాలంలో తొమ్మిది రోజులు జలుబు చేసింది. ఆ జలుబు పోతూ పోతూ వాసనలన్నీ ఊడ్చుకుపోయింది. పిన్నికి ఆ సంగతి తెలిసింది పాలు మాడిన రోజున. పొయ్యి ముందే నిలబడి ఉంది. గడియారాలు బాగుచేసుకుంటున్న భర్త ముందు గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమేవ్! ఇల్లంతా కంపు కొడుతుంటే అలా నిలబడ్డావేం?"

"తెలుసులెండి, చూస్తూనే ఉన్నాను" అంది పిన్ని, ఏమీ తెలియకుండానే. ఆయన గిన్నె వంకా, పిన్ని మొహం వంకా చూసి, పొయ్యి ఆర్పి వెళ్ళిపోయాడు.

అప్పుడే నిజం చెప్పేస్తే ఏం పోయేది? చెప్పలేదు. పొగరు అనుకుంటే పొగరు. కానీ భయమూ ఉంది. ఆయన తిండి ఇంకొకరి చేతికి పోతుందని భయం. ఎందుకంటే ఆ తిండి మీదే ఆయన ప్రాణం నిలబడి ఉంది.

ఆయన్ని అందరూ గడియారాల బాబాయి అనేవాళ్ళు. అంతకుముందు వానాకాలంలో ఆయనకి కిడ్నీ మార్చారు. ఇచ్చింది ఆయన చెల్లెలే. బట్టలు కుట్టుకుని బతికే మనిషి, నోరు కత్తెర. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు పిన్నిని కూర్చోబెట్టి మరీ చెప్పాడు: "కొత్త కిడ్నీ నిలవాలని ఒంట్లో రోగాల్ని ఆపే కాపలాని మందులతో నిద్రపుచ్చాం. ఇంటి వంటే పెట్టండి. తేలిగ్గా ఉండాలి, తాజాగా ఉండాలి. పాడైంది తిని ఒక్కసారి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయంటే ఆ కిడ్నీ మనకి దక్కదమ్మా."

ఆడపడుచు పక్కనే ఉండి, "విన్నావుగా వదినా? మీ ఆయన సంగతి నాకనవసరం, నా కిడ్నీ మాత్రం జాగ్రత్త" అంది. అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది, ముక్కు అప్పటికి ఉంది కాబట్టి.

ఆ ఏడు ఎండలు పగబట్టినట్టు వచ్చాయి. వీధిలో తారు చెప్పులకి అంటుకునేది. కొళాయి తిప్పితే వేడినీళ్ళు. కరెంటు పొద్దున పదింటికి పోయిందంటే మళ్ళీ నాలుగింటికే. ఫ్రిజ్ ఉత్త బీరువా. వంటింటికీ ముందు గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం కాబట్టి, మధ్యాహ్నం పొయ్యి వెలిగిస్తే బాబాయి చెమటలు కక్కి సోలిపోయేవాడు. అందుకని పిన్ని ఒక నియమం పెట్టుకుంది. ఎండ గడప తొక్కేలోపల పొయ్యి ఆరిపోవాలి.

ఐదింటికి లేచి వండేది. మెత్తగా ఉడికిన పెసరపప్పు, సొరకాయో బీరకాయో, నీళ్ళున్న కాయలు. కారం లేదు, నూనె పేరుకి ఒక చుక్క. కాస్త అన్నం. ఆ గిన్నెలన్నీ నీళ్ళ పళ్ళెంలో పెట్టి, తడిగుడ్డ చుట్టి, బల్ల కింద నీడలో ఉంచేది. పాలకేంద్రంలో నేర్చుకున్న పద్ధతి. చల్లటి బావినీళ్ళున్న రోజుల్లో పుట్టిన పద్ధతి. ఇప్పుడు పిన్ని మూడుసార్లు నీళ్ళు మార్చేది, వెచ్చటి నీళ్ళు పారబోసి వెచ్చటి నీళ్ళు పోసేది.

ఒంటిగంటకి వడ్డించే ముందు ఒక చుక్క నాలుక మీద వేసుకునేది. వాసన పోయినా ఉప్పూ పులుపూ మిగిలాయి. పులిసిందంటే పారబోసి, ఆ ఒక్క పూటకి నియమం పక్కనబెట్టి జావ కాచేది. పులుపు నాలుకకి తెలిసేలోపలే ముక్కుకి తెలియాల్సింది తెలిసిపోతుందని పిన్ని కంటే బాగా ఎరిగినవాళ్ళెవరు? ఎరిగీ వడ్డించేది.

గిన్నెలు పట్టుకొచ్చే ఇరుగుపొరుగులకి మాత్రం ఒకటే మాట, "పారెయ్యండి." అప్పుడే కాచిన పాలు తెచ్చినా పారెయ్యమనేది. మెట్ల మీద వాళ్ళ సణుగుడు వినబడేది: "పిన్నికి ఈ ఏడు చాదస్తం ముదిరింది." పాడైంది బాగుందనడం కంటే ఆ మాట పడటమే నయమనుకుంది. కానీ సొంత ఇంట్లో రోజూ పారబోస్తే ఆయన అడగడూ?

ఎండలు ముదిరేకొద్దీ బాబాయికి ఆకలి చచ్చిపోయింది. వారంలో రెండు మూడు రోజులు "తర్వాత తింటాలే, అక్కడ పెట్టు" అనేవాడు. పిన్ని స్నానానికి వెళ్ళి వచ్చేసరికి కంచం ఖాళీగానే ఉండేది, మనిషి మాత్రం చిక్కిపోతున్నాడు. వెనక కిటికీ సజ్జ మీద మాత్రం కాకులు ఎక్కువయ్యాయి. ముందు రెండే ఉండేవి. తర్వాత ఆరు. తర్వాత పిన్నికి లెక్కే తెలియలేదు. గూబలదిరేలా అరుస్తూ ఒంటిగంట ఎప్పుడవుతుందా అని చూసేవి. ఎండకి నీళ్ళ కోసం వస్తున్నాయనుకుని పిన్ని వాటికో డొక్కు గిన్నెలో నీళ్ళు పెట్టింది, పిచ్చితల్లి.

"అన్నయ్య ఎముకల గూడులా అయ్యాడు వదినా. ఏం పెడుతున్నావసలు?" అని ఆడపడుచు కసిరింది ఒకరోజు. ఆ మాట పిన్నికి ముల్లులా గుచ్చుకుంది. నోటికి రుచిగా ఉంటే తింటాడనుకుని, మర్నాడు తెల్లవారుజామున పప్పు దించగానే ఒక నిమ్మకాయ మొత్తం పిండింది.

అక్కడే కొంప మునిగింది. మిగిలి ఉన్న ఒక్క కాపలావాణ్ణీ తన చేతులతోనే పంపేసింది. ఒంటిగంటకి నాలుక మీద చుక్క వేసుకుంటే పుల్లగా ఉంది. నిమ్మకాయే కదా, ఉండదూ? గిన్నె అంచున రెండు బుడగలు కనబడ్డాయి. గరిటెతో కలిపితే పోయాయి.

కంచం బాబాయి ముందు పెట్టింది. ఆయన ఒకసారి కంచం కేసి చూశాడు.

"ఆకలిగా లేదే. అక్కడ పెట్టు, తర్వాత తింటా."

"ఇవాళ కుదరదు. మీ చెల్లెలు నన్ను దోషిలా చూస్తోంది. నా ఎదురుగా తినాలి." పిన్ని కంచం ఆయన ముందుకి జరిపింది. "ఒక్క ముద్ద మిగిల్చారో, నా మీద ఒట్టే!"

బాబాయి ఆవిడ మొహంలోకి చూశాడు. కిటికీ బయట కాకులు గోలగోలగా అరుస్తున్నాయి. తర్వాత చెయ్యి కడుక్కుని, తల వంచుకుని, మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

"బాగుందా?"

"బాగుంది" అన్నాడు.

సాయంత్రం ఐదింటికి మొదటి వాంతి. ఆరింటికల్లా మనిషి లేవలేడు. కబురందుకుని పరుగెత్తుకొచ్చిన ఆడపడుచు, మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళి, అడుగున పప్పు మిగిలిన గిన్నె మూత తీసింది.

"ఛీ ఛీ! ఏంటిది వదినా? కుళ్ళు కంపు కొడుతోంది!"

పిన్ని అలవాటుగా వంగి పీల్చింది. ఏమీ లేదు. ఉత్త గాలి.

మర్నాడు పొద్దున ఆసుపత్రిలో డాక్టరు మంచం దగ్గర నిలబడి, "ఏం తిన్నారు? వాసనైనా చూసుకోలేదా?" అని గద్దించాడు. పిన్ని నోరు తెరిచేలోపల మంచం మీంచి బాబాయి గొణిగాడు, "నేనే... బయట తిన్నాను డాక్టరుగారూ."

"అబద్ధం!" అంది పిన్ని. వార్డంతా తిరిగి చూసింది. "నేనే పెట్టాను. ఒట్టు పెట్టి మరీ తినిపించాను. నాకు వాసన తెలియదు డాక్టరుగారూ. శీతాకాలం నించీ తెలియదు."

డాక్టరు ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. "పాలు మాడిన రోజే తెలుసు నాకు" అన్నాడు.

"తెలిసి...?"

"తేడాగా ఉన్న రోజున ఆకలి లేదనేవాణ్ణి. నువ్వు స్నానానికెళ్ళగానే కాకులకి వేసేవాణ్ణి. నీకున్న పేరే అది కదే. అదీ పోయిందని ఏ నోటితో అనను?"

"మరి నిన్న?"

"నిన్న ఒట్టు పెట్టావుగా."

ఆడపడుచు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నవ్వు రాబోయి ఏడుపైంది. "ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు దాచుకుని, ఇద్దరూ కలిసి నా కిడ్నీని వండేశారు కదమ్మా!" అంది.

పదకొండింటికి ఆయా జావ గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. పిన్ని మూత తీసింది. బాబాయి అలవాటు కొద్దీ ఆవిడ మొహం కేసి చూశాడు, ఆవిడ చెప్పేదాకా ముట్టనన్నట్టు. పిన్ని గిన్నెని రెండు చేతులా ఎత్తి ఆడపడుచుకి అందించింది.

"నువ్వు చూడమ్మా. నాకు తెలియదు."

ఆడపడుచు గిన్నె అందుకుంది కానీ, వాసన చూడలేదు. ఆవిడ చూపు మంచం పక్కన వేలాడదీసిన మూత్రం సంచి మీద ఉంది. పొద్దున్నించి అందులో ఒక్క చుక్క పడలేదు.